గడప కింది ఏనుగు

శాతవాహనులతో నా అనుబంధం ఒక ఎండాకాలంలో మొదలై, ఆ ఎండలు తగ్గేలోపే నడిరోడ్డు మీద, పచ్చిపులుసులో ముగిసింది. ఇంత తక్కువ కాలంలో ఒక రాజవంశాన్ని అంతగా నమ్మి, అంతగా నవ్వులపాలైనవాడు ఇంకొకడు ఉండడనుకుంటాను.

అప్పట్లో మేం ఎల్‌బీ నగర్‌లో, రింగురోడ్డు మీంచి లోపలికి పోయే ఒక కాలనీలో కిరాయికి ఉండేవాళ్ళం. ఆవరణలో వెనకవైపు రెండంతస్తుల ఇల్లు. అందులో పై వాటా మాది. ముందువైపు ఓనరు వాళ్ళ పాత పెంకుటిల్లు. కాలనీ కాకముందు అదంతా ఊరు, ఊరి చుట్టూ పొలాలు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలోకి మాలాంటి కోస్తా వాళ్ళం వచ్చి పడ్డాం, ఆ పెంకుటిల్లు మాత్రం మేడల మధ్య ఇరుక్కుని అలాగే మిగిలింది.

నేను ఒక దినపత్రికలో డెస్కు మీద పనిచేసేవాణ్ణి. డెస్కు మనిషంటే ఇతరులు తెచ్చిన వార్తల్లో తప్పులు దిద్దేవాడు. సొంతంగా ఒక వార్త తెచ్చిన పాపాన పోడు. ఏళ్ళ తరబడి విలేఖరుల కాపీల పక్కన ‘ఎవరు? ఎప్పుడు? ఎక్కడ?’ అని ఎర్రసిరాతో రాసి రాసి, ఆ ప్రశ్నలు నాకు పుట్టుకతోనే వచ్చాయన్న భ్రమలో ఉండేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ధర్నా. దిల్‌సుఖ్‌నగర్ వైపు దారి తెరిచి ఉందో లేదో పొద్దున్నే పాలవాడు చెప్పేవాడు. మా పత్రిక మర్నాడు చెప్పేది.

ఓనరుది నా వయసే. ఉద్యమంలో తిరిగే మనిషి, బండి ముందు చిన్న జెండా కట్టుకున్నాడు. నాది గుంటూరు జిల్లా. రోజూ పొద్దున గేటు దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడి, ఇద్దరం కలిసి రాష్ట్రాన్ని విడగొట్టి, మళ్ళీ కలిపి, మళ్ళీ విడగొట్టి, గ్లాసులు ఖాళీ అయ్యాక ఎవరి పనికి వాళ్ళం పోయేవాళ్ళం. నీళ్ళ మోటారు ఎవరు ఆపడం మర్చిపోయారన్న దాని మీద తప్ప మా మధ్య నిజమైన తగాదా ఎన్నడూ రాలేదు.

ఆ ఎండాకాలం ఆయన పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు వేయాలనుకున్నాడు. కుటుంబాన్ని వెనక ఇంట్లో మా కింది వాటాలోకి మార్చాడు. ఆయన తల్లిని, అందరం అవ్వ అనేవాళ్ళం, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న కూతురి ఊళ్ళో దించి వచ్చాడు. ఆవిడకు దుమ్ము పడదని పైకి చెప్పాడు. ఇల్లు కూలుస్తుంటే చూసి ఆవిడ తట్టుకోలేదని మా అందరికీ తెలుసు. మర్నాడు జేసీబీ వచ్చి, ఒక కుటుంబం రెండు తరాలు కాపురం చేసిన గోడల్ని మధ్యాహ్నం భోజనాల వేళకు కుప్ప చేసి పోయింది.

తర్వాత కొద్దిరోజులకు ఒక ఉదయం కింది నుంచి కేక.

“సార్, ఓ సార్! జర కిందికి రార్రి. గిదేందో సూడుర్రి.”

దిగి వెళ్ళాను. ఓనరు అరచేతిలో ఆకుపచ్చగా పెచ్చులు కట్టిన గుండ్రటి బిళ్ళ ఉంది. పాతకాలం రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఒక అంచున పెచ్చు లేచినచోట ఎర్రగా రాగి కనిపిస్తోంది.

“ఎక్కడ దొరికిందండీ?” అన్నాను.

“మట్టిల.”

“ఓహో” అన్నాను.

అంతే. ఏ విలేఖరైనా ‘మట్టిలో దొరికింది’ అని రాసుకొస్తే, ఏ మట్టి, ఆవరణలో ఏ మూల, తవ్వితే వచ్చిందా, కూల్చితే వచ్చిందా అని వాణ్ణి నిలబెట్టి కడిగేసేవాణ్ణి. నా వంతు వచ్చేసరికి ‘ఓహో’తో సరిపెట్టుకున్నాను. ఈ కథలో మిగతా అవమానాలన్నీ ఈ ఓహో పిల్లలే.

“పేపరోళ్ళు గద సార్, మీకు దెల్వంది ఏముంటది! ఇది ఏ జమాన్లదో కనుక్కోర్రి” అని బిళ్ళ నా చేతిలో పెట్టాడు. పేపరువాళ్ళకు తెలియనిది ఉండదన్న సంగతి నాకు ఆ క్షణందాకా తెలియదు. అయినా ఖండించలేదు.

పైకి తెచ్చి, ఆఫీసు నుంచి తెచ్చుకునే న్యూస్‌ప్రింట్ కాగితం ముక్క దాని మీద పరిచి, పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాను. చిన్నప్పుడు పావలా మీద చేసిన పనే. కాగితం మీద నెమ్మదిగా ఒక ఆకారం తేలింది. పైన వెడల్పాటి గుండ్రటి బరువు. అందులోంచి కిందికి దిగిన ఒక సన్నటి భాగం. దాని కొస లావై, ఒక పక్కకు కొద్దిగా వంపు తిరిగింది. ఏనుగు! కుంభస్థలం, తొండం, తొండం కొస. ఏనుగు బొమ్మ ఉన్న రాగి నాణెం ఎవరిదో ఎనిమిదో తరగతి పాఠంలోనే చదివాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కాగితం చూసింది.

“ఏనుగేమిటండీ, తొడిమ ఉన్న వంకాయలా ఉంటే!”

“చూసే కన్ను ఉండాలి.”

“కన్నెందుకు, ఇలా తెండి. చింతపండేసి ఒక్క రుద్దు రుద్దితే ఏనుగో వంకాయో తేలిపోతుంది. రాగి చెంబులు తోమట్లేదూ?”

నేను బిళ్ళని రెండు చేతులా దాచుకున్నాను. “రెండు వేల ఏళ్ళ చరిత్రని చింతపండేసి తోముతావా? పురావస్తు శాఖవాళ్ళు వింటే ఏమవుతుందో తెలుసా?”

“రెండు వేల ఏళ్ళని మీకెవరు చెప్పారు?”

“ఏనుగు చెప్పింది.”

“తొండంతోనా?” అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు టీ వేళ ఓనరుకు ఫలితం ప్రకటించాను. శాతవాహనులండీ, అన్నాను, వాళ్ళు నా పిలుపు మీదే వచ్చినట్టు.

ఆయన ముఖం వెలిగిపోయింది. “అంటె మనోళ్ళే గద సార్! కరీంనగర్ దిక్కు కోటిలింగాల్ల ఇసొంటియి మస్తు దొర్కినయంట. వాళ్ళ రాజ్యం షురువైందే ఆడ.”

“షురువెక్కడైనా, వాళ్ళ వైభవమంతా అమరావతి వైపే కదండీ. మా ఊరికి దగ్గరే.”

“ఏనుగు ఎల్‌బీ నగర్ల దొర్కింది సార్. మీ ఊర్ల దొర్కిన్నాడు మాట్లాడుర్రి.”

“ఏనుగన్నాక నాలుగడుగులు నడవదా? అటునుంచి ఇటు వచ్చి ఉండొచ్చు.”

“ఔ మల్ల! రెండు వేల ఏండ్ల కిందనె మా ప్లాట్ల మీద పడ్డరన్నట్టు మీరు!”

పడీ పడీ నవ్వాం. కానీ గ్లాసులు పెట్టేసి వెళ్ళేటప్పుడు ఆయన మనసులో ఆ ఏనుగు తెలంగాణదనీ, నా మనసులో అది మాదేననీ ఇద్దరికీ తెలుసు. రెండు ప్రాంతాలకూ ఉమ్మడిగా ఉన్న ఆస్తుల్లో అప్పటిదాకా ఎవరూ పంచని ఆస్తి అదొక్కటే. మేం దాన్ని కూడా గేటు దగ్గర పంచేసుకున్నాం.

ఆఫీసులో నేను అంతకంటే ముందుకు పోయాను. నా ఉద్యోగ జీవితంలో మొట్టమొదటి సొంత వార్త కదా, విలేఖరిలా ఒక్కటే శీర్షిక పెట్టి ఊరుకోలేదు. మాకు ప్రాంతానికో ఎడిషన్ ఉండేది. ఇక్కడి ఎడిషన్‌కు ‘తెలంగాణ గడ్డపై శాతవాహన నాణెం’ అనీ, విజయవాడ ఎడిషన్‌కు ‘హైదరాబాద్‌లో ఆంధ్ర శాతవాహనుల ఆనవాళ్ళు’ అనీ రెండు శీర్షికలు రాసి న్యూస్ ఎడిటర్ ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి ఒకటి చదివి, రెండోది చదివి, మళ్ళీ మొదటిది చదివాడు.

“ఏనుగు ఒకటేనా, రెండా?”

“ఒకటేనండీ.”

“మరి ఖమ్మం దాటగానే కులగోత్రాలు మారుస్తోందేం?”

ఆయన రెండు కాగితాలూ నా వైపు తోశాడు.

“ఈ రోజుల్లో శాతవాహనులు ఎవరివాళ్ళో తేల్చే పని మన పేపరుకొద్దు నాయనా. ముందు ఎవరైనా తెలిసినవాళ్ళ చేత ఇది ఏనుగే అని ఒక మాట అనిపించు. తర్వాత ఈ రెండూ చింపేసి మూడోది పెడదాం.”

తెలిసినవాడు దిల్‌సుఖ్‌నగర్‌లో దొరికాడు. గ్రూప్స్ పరీక్షలకు చరిత్ర బోధించే ఒక కోచింగ్ మాస్టారు. మా పత్రిక చదువుల పేజీకి ప్రశ్నలూ జవాబులూ పంపేవాడు, ఆ పరిచయం. ప్రపంచంలో ఏ సంగతి చెప్పినా అది పరీక్షలో బిట్టుగా వస్తుందా రాదా అనే ఒక్క చూపుతో చూసే మనిషి. మెస్సుల బోర్డులకూ హాస్టళ్ళ బోర్డులకూ మధ్య సందులో, మూడో అంతస్తులో ఆయన గది. నాణెం చేతిలోకి తీసుకున్నాడు. నేను ముందే “ఏనుగండీ” అన్నాను. చూసేవాడికి ఏం చూడాలో చెప్పేశాక, చూడకుండా ఎవడుంటాడు?

“ఏనుగే సర్! పక్కా బిట్. వెనకవైపు ఉజ్జయిని చిహ్నం ఉండాలే!”

వెనక్కి తిప్పాం. పెచ్చుల కింద గుండ్రంగా ఒక దండ లాంటి గీత కనిపించీ కనిపించనట్టుంది.

“నాలుగు వృత్తాలుండాలి సర్. మూడు అరిగిపోయాయి” అన్నాడు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. “కొద్ది రోజులు నా దగ్గర ఉంచండి. పుస్తకంలో బొమ్మ తప్ప మా బ్యాచ్‌వాళ్ళు అసలు నాణెం చూసెరగరు.”

నిజానికి అసలు నాణెం ఆయన కూడా చూసెరగడు. నేనూ చూసెరగను. కానీ ఇద్దరు చూడనివాళ్ళు ఒకే మాట మీద నిలబడితే దానికో బలం వస్తుంది. మా వృత్తిలో దాన్ని ధ్రువీకరణ అంటారు. సంతోషంగా నాణెం ఆయన దగ్గర వదిలి వచ్చాను.

ఇంతలో ఇంటి పని జోరందుకుంది. పునాది లేచింది. దర్వాజా నిలబెట్టడానికి, మా వైపు ద్వారబంధం ఎత్తడమంటాం, కర్మన్‌ఘాట్ వైపు నుంచి వచ్చే పంతులు ముహూర్తం పెట్టాడు. మిట్టమధ్యాహ్నం, అభిజిత్ లగ్నం. అది తప్పితే మూఢం వస్తుంది, మూఢం పోయేసరికి వానలు. ఆ ముందురోజు సాయంత్రం అవ్వ కూతురి ఊరి నుంచి వచ్చింది. ఆటో దిగి, ఎవరినీ పలకరించకుండా, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఒకప్పుడు తలుపు ఉన్న చోటికి నడిచి వెళ్ళి నిలబడింది. గోడలు లేకపోయినా ఆవిడ పాదాలకు ఆ చోటు తెలుసు.

“కడప కిందిది ఏదిరా?” అని కొడుకును అడిగింది. వాళ్ళు గడపను కడప అంటారు.

“ఏంది, కడప కిందిది?”

“పైసరా! మీ నాయిన ఏసిన పైస. కడప పీకేటప్పుడు పైలమని నీకు జెప్పిపోలే?”

ఓనరు నా వైపు చూశాడు. నేను ఓనరు వైపు చూశాను. ఆవిడ చెప్పిందనీ, ఆ హడావుడిలో తాను మరిచాడనీ ఆయన ముఖంలోనే తెలుస్తోంది. నా ముఖంలో ఏం తెలుస్తోందో నాకు తెలుసు. ఎందుకంటే అది తెలంగాణ ఆచారమే కాదు, మాది కూడా. గడప పెట్టేటప్పుడు దాని కింద నవధాన్యాలూ పసుపూ వేసి, ఒక రాగి పైసా వేస్తారు. మా ఊళ్ళో మా నాన్న ఇల్లు కడితే ఆ పైసా గుంటలో పడేసింది నేనే. పంతులు గారు మంత్రం చదువుతుంటే, అంత మంచి పైసాను మట్టిలో పారేయిస్తున్నారని ఏడ్చిన జ్ఞాపకం కూడా ఉంది. కూలగొట్టిన ఇంటి మట్టిలో రాగి బిళ్ళ దొరికితే ఎవరికైనా ముందుగా రావాల్సిన ఆలోచన, గడప కింద పైసా వేసిన చేతికే తట్టలేదు. అది నేరుగా శాతవాహనుల దగ్గరికి పోయింది.

“పైస ఉన్నదమ్మా. సార్ కాడ ఉన్నది” అన్నాడు ఓనరు.

“నా దగ్గర లేదండీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది” అన్నాను.

అవ్వ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. అదే కష్టంగా ఉంది.

“ఏం జేస్తున్నది బిడ్డా, ఆడ?”

పాఠం చెబుతోంది అనాలి నిజానికి.

ఆవిడ పునాది రాయి మీద కూర్చుంది. “గోడలు వాయె. పెంకలు వాయె. ఆయన చేతులతోటి ఏసింది గదొక్కటే మిగిలింది. అది లేకుంట రేపు దర్వాజ నిలవెట్టనియ్య. నిలవెడితె నేను ఆ కడప దాటి లోపటికి రాను” అంది. అని, మంచినీళ్ళు అడిగి తాగింది. మాట అయిపోయిందని అర్థం.

మాస్టారుకు ఫోన్ చేస్తే ఊళ్ళో లేనన్నాడు. “పొద్దుటికల్లా వచ్చేస్తా సర్, నాణెం భద్రంగా ఉంది” అన్నాడు. పొద్దున బంద్. అందులోనూ వంటావార్పు. అంటే రోడ్ల మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తింటారు. బండి అనేది కదలదు.

“నడిచే పోర్రి సార్. నేను రాలేను, పంతులొస్తడు” అన్నాడు ఓనరు పొద్దున. “ఎవలన్న ఆపితె నా పేరు జెప్పుర్రి. మావోళ్ళే ఉంటరు.” తర్వాత ఏదో ఆలోచించి, “అండీ గిండీ అనకుర్రి జర” అన్నాడు.

నడిచాను. రోజూ బస్సులో కునుకు తీస్తూ దాటే రోడ్డు ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. లారీలు వరసగా ఆగిపోయి ఉన్నాయి. కొత్తపేట దాటేసరికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వైపు నుంచి మామిడిపండ్ల వాసన రోడ్డంతా కమ్మేసింది. కొనేవాడు లేక లారీల్లోనే పండ్లు మగ్గిపోతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఉద్యోగం గ్యారంటీ అనే బోర్డులు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా పైనుంచి పిలుస్తున్నాయి.

మాస్టారు లుంగీలో తలుపు తీశాడు. “బ్యాచంతా చూశారు సర్. నోట్సులో బొమ్మ కూడా వేసుకున్నారు” అంటూ నాణెం నా చేతిలో పెట్టాడు. ఆయన టీ తాగమంటున్నా వినకుండా, దాన్ని పెన్సిలు రుద్దిన ఆ కాగితంలోనే చుట్టి చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగాను. లగ్నానికి ఇంకా వ్యవధి ఉంది. నడిస్తే చాలు, పరుగు అక్కర్లేదు అనుకున్నాను.

పోయేటప్పుడు ఖాళీగా ఉన్న కొత్తపేట రోడ్డు వచ్చేటప్పుడు వంటిల్లయిపోయింది. నడిమధ్యన రాళ్ళ పొయ్యిల మీద అండాలంతేసి గంజులు, డప్పులు, పాటలు, రోడ్డుకు అడ్డంగా బంతులు. పక్కనుంచి జారుకుందామని చూశాను. గరిటె పట్టుకున్న ఒకాయన దారికి అడ్డం వచ్చాడు.

“ఎటు వోతున్నవన్నా? కూసో. తినకుంట ఎవల్ని దాటనిస్తలేం ఇయ్యాల.”

“కొంచెం అర్జెంటండీ” అన్నాను.

అన్నాక తెలిసింది. ‘అండీ’ నోట్లోంచి వెళ్ళిపోయింది. చుట్టూ నాలుగు తలలు ఇటు తిరిగాయి.

“ఏ ఊరన్నా మనది?”

“ఎల్‌బీ నగర్.”

“గది సరే, అసలు ఊరు?”

ఇన్నేళ్ళ వృత్తిలో వార్తలను మెత్తబరచడం నేర్చుకున్నాను గానీ, ఆ సమయానికి ఒక్క మెత్తటి మాటా దొరకలేదు. “గుంటూరు” అన్నాను. ఒక క్షణం డప్పు కూడా ఆగినట్టనిపించింది. గరిటె ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు.

“అరే, గుంటూరన్న ఒచ్చిండు! కారం జర ఎక్కువెయ్యిర్రి!”

బంతి బంతంతా గొల్లుమంది. భుజం పట్టి కూర్చోబెట్టారు. విస్తరిలో అన్నం పడింది, పప్పు పడింది, దాని పక్కన ఇంత పచ్చిపులుసు. చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, మిరపకాయ పిసికి, పొయ్యి ఎక్కించకుండా చేసే పులుసు. అది అన్నం గట్టు దాటి పారుతుంటే ఆపుదామని వంగాను. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం జారింది. జారుతూనే విప్పుకుంది. రెండు వేల ఏళ్ళ చరిత్ర బుడుంగుమని పచ్చిపులుసులో పడింది.

తీద్దామని చెయ్యి పెట్టేలోపు వడ్డించే ఆయన, “ఇంకింత పోసుకోన్నా, ఎండకు మంచిగుంటది” అని దాని మీదే ఇంకో గరిటె పోశాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నన్ను చూస్తున్నాడు. తినకుండా పులుసులో వెతికితే ఏమనుకుంటాడో అని, ఏమీ జరగనట్టు పప్పన్నం కలుపుకుని తిన్నాను. చాలా బాగుంది. రుచి గురించి ఆలోచించగలిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాను.

చివరికి బిళ్ళని పైకి తీసి బొటనవేలితో తుడిచాను. ఆకుపచ్చ పెచ్చు మెత్తబడి అట్టలా ఊడి వచ్చింది. మా ఆవిడ చెప్పిన వైద్యమే, కాకపోతే ఉల్లిపాయలతో సహా. కింద ఎర్రటి రాగి మెరిసింది. దండలాంటి గీత నిజంగానే దండ, ఆకుల దండ. దాని మధ్యలో అక్షరాలు. బ్రాహ్మీ కాదు, ప్రాకృతం కాదు. నేను రోజూ చదివే ఇంగ్లీషు.

“ఏందన్నా, ఏం రాసున్నది?” అన్నాడు పక్కాయన.

“క్వార్టర్” అన్నాను, కనిపించినంత వరకు.

“క్వార్టరా! బంద్ దినం నీకు యాడ దొర్కిందన్నా? మాకు జెప్పరాదు!”

మళ్ళీ నవ్వులు. నేను కిందికి చూశాను. క్వార్టర్ కింద అణా. కాలణా, మా తాతల నాటి కాణీ. తెల్లవాళ్ళ ఏలుబడిలో ప్రతి చిల్లర కొట్టు గల్లాపెట్టెలోనూ గలగలలాడిన కాసు. రెండో వైపు తిప్పి ఏనుగు కోసం చూశాను. ఏనుగు అక్కడే ఉంది. బిళ్ళని చేతిలో సగం తిప్పితే ఏనుగు పోయింది. కుంభస్థలం అనుకున్నది భుజాలు, తొండం అనుకున్నది మెడ, తొండం కొస వంపు ముక్కు. కిరీటం పెట్టుకున్న ఇంగ్లండు రాణి, నన్ను పట్టించుకోకుండా పక్కకు చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి తలకిందులుగా పట్టుకుని, ఆవిడ ఎవరి ఏనుగో అని ఓనరుతో వాదిస్తున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పేజీలు సీసపు అక్షరాలతో కూర్చేవారు. అక్షరాలు ఎడం కుడి అయి ఉండేవి, బల్లకు ఇవతల నిలబడ్డ మాకు మొత్తం పేజీ తలకిందులుగా ఉండేది. దాన్ని గడగడా చదివి తప్పులు పట్టడమే మా విద్య. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నదే అందుకు. తలకిందులుగా ఉన్నదాన్ని పోల్చడంలో నన్ను మించినవాడు లేడని అప్పటి ఫోర్‌మన్ మెచ్చుకున్నాడు కూడా.

చెయ్యి కడుక్కుని లేచాను. నడిస్తే చాలదు, ఈసారి పరుగే. భుక్తాయాసంతో ఎల్‌బీ నగర్ దాకా పరుగెత్తిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే, చూడకపోవడమే మంచిది.

ఆవరణలోకి అడుగుపెట్టేసరికి దర్వాజాకు పసుపు పూసి, మామిడాకులు కట్టి, పడుకోబెట్టి ఉంచారు. మేస్త్రీ తాడు పట్టుకుని నిలబడ్డాడు. పంతులు గడియారం చూస్తున్నాడు. అవ్వ మాత్రం గడప కోసం తీసిన గుంట అంచునే కూర్చుని గేటు వైపు చూస్తోంది. ఎవరైనా పని మొదలుపెట్టాలంటే ఆవిణ్ణి ఎత్తి పక్కన పెట్టాలి. ఆ ధైర్యం అక్కడెవరికీ ఉన్నట్టు లేదు.

నాణెం ఆవిడ చేతిలో పెట్టాను. సగం పచ్చగా, సగం ఎర్రగా ఉంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పలేదు. వేలితో తడిమి, మూసి, పిడికిలి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ముక్కు దగ్గరికి తీసుకుంది.

“పులుసు వాసనొస్తున్నదేంది బిడ్డా?”

“దారిలో భోంచేశానండీ.”

ఓనరు నా చెవి దగ్గరికి వచ్చాడు. “సార్, మల్ల ఏనుగు ముచ్చటేమాయె?”

చెప్పేశాను. ఏనుగు లేదనీ, రాణి అనీ, తలకిందులనీ. ఆయన నవ్వును పంతులు ముందు పెదాల మధ్య నొక్కిపట్టాడు గానీ, భుజాలు ఊగుతూనే ఉన్నాయి. “అంటె మావోళ్ళు గాదు, మీవోళ్ళు గాదు. తెల్లోళ్ళా!” అని తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, మనది నైజాం రాజ్యం గద. తెల్లోళ్ళ పైస మనింటికి ఎట్లొచ్చింది?”

“మీ నాయిన బెజవాడకు బండ్లు దోలిండు గద. ఆడ ఇచ్చిన్రు” అంది అవ్వ. “ఈడ షావుకారి కాడ ఉప్పుకని ఇస్తె, ఇది మన రాజ్యంల చెల్లదని మొకాన గొట్టిండు. గప్పుడే ఈ ఇల్లు కడుతున్నం. చెల్లని పైస సంచిల వెట్టుకోని ఏం జేస్తం? కడప కిందికి పనికొస్తదని ఏసిండు.” కొంచెం ఆగి, “చెల్లేదైతె ఉప్పు తెచ్చుకోకపోదుమా?” అంది.

ఓనరు మెల్లగా నా వైపు తిరిగాడు.

“బెజవాడకెల్లి ఒచ్చిందట, సార్.”

“విన్నానండీ.”

“ఈడ చెల్లదని దెల్సి గూడ మా కడప కిందనే కూసున్నదట. ఇన్నేండ్లు. కిరాయి గూడ ఇయ్యకుంట!”

ఈసారి పంతులు కూడా నవ్వాడు. నేను గేటు దగ్గర ఎన్ని వాదనలు గెలిచానో, ఎన్ని ఓడానో లెక్క లేదు గానీ, ఆ రోజుది మాత్రం నా ఓటమే. వార్త రాలేదు. రెండు శీర్షికలూ నేనే చింపేశాను. దిల్‌సుఖ్‌నగర్ మాస్టారుకు ఫోన్ చేసి చెప్పాను. “ఈసారికి ఆ బిట్టు రాకపోతే బాగుండు సర్” అన్నాడు. ఆ ఏడు పరీక్ష పేపరు చూసేదాకా నేనూ అదే మొక్కుకున్నాను.

కానీ అదంతా తర్వాత. అప్పటికి లగ్నం దాటిపోతోంది. అవ్వ గుంటలో నవధాన్యాలు వేసింది, పసుపు వేసింది. పిడికిలి విప్పి పైసా వేయబోతుంటే, ఓనరు ఒక్క నిమిషమని ఆపాడు. అందరికీ వినిపించేలా, ఎంతో వినయంగా, నన్ను అడిగాడు.

“సార్, తలకాయ ఎటు దిక్కుండాలె? మీరు జెప్తే గట్లనే ఏస్తం.”

మేస్త్రీ, పంతులు, కిటికీలోంచి మా ఆవిడ, అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు.

“ఎట్లేసినా కిందనే గద ఉండేది” అంది అవ్వ, పైసా వదిలేసింది. మేస్త్రీ తాడు లాగాడు.